కొండ విరిగిపడ్డ చోటి వైనూ, చల్ల మిరపకాయలూ

రెండువేల ఇరవై మూడు, మార్చి నెల. గుంటూరు నుంచి నల్లపాడు వెళ్ళే దారిలో ఉన్న మా మిరప ఎగుమతి కంపెనీలో నేను సెన్సరీ ప్యానెల్ లీడర్‌ని. సెన్సరీ ప్యానెల్ అంటే కంటితో, ముక్కుతో, నాలుకతో సరుకును పరీక్షించే ఐదుగురి బృందం. కాయలో కారమెంత, రంగెంత అని చెప్పడానికి ల్యాబులో యంత్రాలున్నాయి. కాని ఆ కారం నాలుక కొసన మొదలవుతుందా, గొంతులో అంటుకుంటుందా, వెనకాల తీపి ఏమన్నా ఉందా, ఆరబోసిన పట్టాల వాసన ఉందా అన్నది యంత్రం చెప్పలేదు. దానికి మనిషి నోరు కావాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆ నోరు నాది.

ఈ పనికి కొన్ని నియమాలుంటాయి. పరీక్ష రోజున తలకు వాసన నూనె రాసుకోకూడదు, పూలు పెట్టుకోకూడదు, గంట ముందు నుంచీ కాఫీ టీలు ఉండవు. ప్రతి నమూనాకూ మూడంకెల బ్లైండ్ కోడ్ ఉంటుంది. అంటే అది ఎవరి సరుకో, ఏ రకమో తెలియకుండా వేసే నంబరు. ఒక నమూనా రుచి చూశాక పంచదార నీళ్ళతో నోరు కడిగి, బ్రెడ్డు ముక్క నమిలి, పది నిమిషాలు ఆగి రెండోది. ఐదుగురం ఒకరితో ఒకరం మాట్లాడకుండా ఎవరి షీట్ వాళ్ళం నింపి సంతకం పెట్టాలి. ఐదు సంతకాలు లేకుండా రిపోర్టు గది దాటదు.

ఆ ఏడు ఫిబ్రవరి చివర్లో మా మేనేజరు ప్రసాదరావుగారు నన్ను పిలిచారు.

"సువార్తగారూ, ఫ్రాన్సు నుంచి ఒకావిడ వస్తోందండి. ఆల్ప్స్ కొండల్లో ద్రాక్షతోట ఉందంట. అక్కడ వైన్ చేసేవాళ్ళూ చీజ్ చేసేవాళ్ళూ కలిసి సంఘం పెట్టుకున్నారు. కరిగించిన చీజ్‌లో మన మిరప వేసి, వాళ్ళ తెల్ల వైన్‌తో కలిపి వడ్డించాలని వాళ్ళ ఉద్దేశం. ఏ మిరపైతే నప్పుతుందో మనం తేల్చాలి."

"తేల్చడమంటే ఎలాగండీ?"

"రెండూ కలిపి రుచి చూడాలి. మిరపా, వైనూ. ఐదుగురూ." నేనేదో అనబోయేలోగా ఆయనే అందుకున్నారు. "మింగక్కర్లేదు. ఉమ్మేయొచ్చు. అన్ని దేశాల్లోనూ అలాగే చేస్తారంట."

ఆయన ఎందుకంత తొందరపడ్డారో చెప్పాలి. మా నాన్న చీమకుర్తి వైపు రాతి క్వారీల్లో పని చేసేవాడు. సారాకి అలవాటు పడి, నాకు పదకొండేళ్ళప్పుడు చనిపోయాడు. బాప్తిస్మం తీసుకున్న రోజున, సంఘమంతా చూస్తుండగా, మా అమ్మ నా చెయ్యి పట్టుకుని నిలబడితే నేను మాట ఇచ్చాను. తాగనని కాదు నేనన్నది. ఆ చుక్క నా నాలుక మీద పడనివ్వనని అన్నాను. ఉమ్మేసే వెసులుబాటు నా మాటలోనే లేకుండా పోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ మాట మీదే ఉన్నాను. మా సంఘంలో ప్రభువు బల్ల ఆరాధనలో పంచే ద్రాక్షారసం సిద్ధం చేసేది నేనే. అది కూడా ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడికించి, వడకట్టిన తియ్యటి రసమే.

అయినా ఆయన నన్ను బయటికి పంపేయలేదు, నేనూ వద్దని లేచి రాలేదు. కారణం రత్నమ్మక్క.

పర్చూరు దాటాక ఒక ఊళ్ళో పద్నాలుగు మంది ఆడవాళ్ళు కలిసి పొలం కౌలుకు చేస్తారు. వాళ్ళ పెద్ద రత్నమ్మక్క. రెండేళ్ళ కిందట మా కంపెనీకి కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే రకం కావాల్సివస్తే, ఆ రకం వెయ్యమని వాళ్ళకు చెప్పింది నేనే. అక్క నా మాట మీదే వేసింది. తీరా పంట చేతికొచ్చే వేళకు కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. ఆ టిక్కీలన్నీ, అంటే మిరప బస్తాలన్నీ, కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి. కారం తక్కువైన ఆ కాయకు మన మిరప యార్డులో గౌరవం లేదు. ఈ ఫ్రాన్సు సంఘం తీసుకుంటే ఆ పద్నాలుగు ఇళ్ళకూ వచ్చే ఏడు కౌలు నిలుస్తుంది. లేకపోతే పొలం చేజారుతుంది. నా ఒక్క సంతకం లేకపోయినా రిపోర్టు కదలదు.

రుచి చూస్తే ప్రమాణం పోతుంది. చూడకుండా చూశానని సంతకం పెడితే అబద్ధ సాక్ష్యమవుతుంది. ఏమీ చెయ్యకుండా కూర్చుంటే నన్ను నమ్మినవాళ్ళు దెబ్బతింటారు. వారం రోజులు ప్రార్థన చేశాను. చివరికి మా పాస్టరు అయ్యగారికి ఫోన్ చేశాను.

"అయ్యగారూ, ఉమ్మేస్తే తాగినట్టా, కాదా?"

ఆయన నవ్వారు. "కాదని వాదించొచ్చమ్మా. నేనే ఒక గంటసేపు వాదించగలను. కాని రేపు ఆదివారం సండేస్కూలు పిల్లల ముందు నిలబడి ఆ వాదన నువ్వు చెప్పగలవా?"

"చెప్పలేనండీ."

"మరింక నన్నెందుకు అడగడం? ఇంకోటి చెప్తా విను. తాగనన్న మాటొక్కటే నిలబెట్టుకుంటే చాలనుకోకు. ఆ పక్కనే సంతకం కూడా ఉంది. దాన్ని కూడా చూసుకో."

ఆవిడ పేరు మార్త్. మార్త అనే మన పేరేనని తెలిసి నాకు కాస్త ధైర్యం వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, మంచి పొడగరి. చేతులు మాత్రం రత్నమ్మక్క చేతుల్లాగే ఉన్నాయి, గోళ్ళ చుట్టూ మట్టి శాశ్వతంగా ఉండిపోయిన చేతులు. పెట్టెలోంచి రెండు సీసాలు తీసింది. పగలకుండా వాటికి ఊలు మేజోళ్ళు తొడిగి తెచ్చింది. ఒక చీజ్ చక్రం కూడా తెచ్చింది. మా ప్యానెల్లో చిన్నవాడు శ్రీనివాస్ దాన్ని వాసన చూసి నా చెవిలో, "పెరుగు పాడైనట్టుందక్కా" అన్నాడు.

"నోర్ముయ్యరా, వినపడుద్ది."

"మీరెటూ తాగరుగా. మీ వాటా నా గ్లాసులో పోసేయండి. సంఘానికి సేవ చేసినట్టుంటది."

ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటివే. అయినా ఒకదాన్ని పట్టుకుని ఒకటి నడిచాయి. పరీక్ష మొదలయ్యేముందే నేను విషయం చెప్పేశాను, నాన్న సంగతితో సహా. ఆవిడ నొచ్చుకుంటుందని అనుకున్నాను. కాసేపు సీసా వైపు చూసి, "మా నాన్న కూడా అంతే" అంది. "తోట ఉన్నవాళ్ళ ఇంట్లో తాగుబోతు ఉండడని ఎవరన్నారు? మా అమ్మ నన్ను పొద్దున్నే సీసాలు లెక్కపెట్టమనేది. మీరు తాగొద్దు. వాసన చూడొచ్చా?"

వాసన చూడనని నేను ఎవరికీ మాట ఇవ్వలేదు.

గ్లాసులో పోస్తే రంగు దాదాపు లేనే లేదు. ఎండుగడ్డి నానిన నీళ్ళంత లేత పసుపు. మెల్లగా ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. సారా వాసన వస్తుందని, చిన్నప్పటి ఇల్లు తిరిగొస్తుందని భయం. ముందు నిమ్మతొక్క వాసన వచ్చింది. తర్వాత నిమ్మపూత, చాలా సన్నగా. ఆ రెండూ తప్పుకున్నాక అడుగున ఇంకోటి ఉంది. ఎండకు కాగిన రాయి మీద తొలి చినుకు పడితే వచ్చే వాసన. అది నాకు బాగా తెలుసు. నాన్న తాగని రోజుల్లో ఆయన చొక్కా అలాగే వాసన వచ్చేది. అలాంటి రోజులు కూడా ఉండేవని నేను ఎన్నో ఏళ్ళుగా తలుచుకోలేదు.

"రాయి" అన్నాను.

మార్త్ గ్లాసు కింద పెట్టింది. "రాయే" అంది. "కొండ."

ఫోన్లో ఫోటో చూపించింది. ఆకాశంలోకి నిలబెట్టిన గోడలాంటి కొండ. దాని ఒక పక్క ఎవరో కత్తితో కోసేసినట్టు నిలువుగా, నున్నగా ఉంది. ఆ కొండ పేరు గ్రానియే. సవోయ్ అనే ఆ సీమలో, సుమారు ఎనిమిది వందల ఏళ్ళ కిందట, రోజుల తరబడి వానలు కురిసి ఆ కొండలో ఒక భాగం ఒక్కసారిగా విరిగి లోయలోకి జారిపోయిందట. దాని కింద ఊళ్ళకు ఊళ్ళే పోయాయి. ఎంతమంది పోయారో సరైన లెక్క ఎవరికీ తెలియదంది. తరాల పాటు ఆ రాళ్ళగుట్టల వైపు ఎవరూ పోలేదు. తర్వాతెప్పుడో, వేరే నేల లేనివాళ్ళు కొందరు వెళ్ళి, ఆ రాళ్ళ సందుల్లో ద్రాక్ష నాటారు. జాకేర్ అనే రకం అక్కడ పట్టుకుంది. ఆ వైన్‌ను అప్రెమోన్ అంటారు. ఈ రోజుకీ తోటల మధ్య ఇంటింత బండరాళ్ళు పడినవి పడినట్టే ఉన్నాయి. చుట్టూ ద్రాక్ష వరసలు. రాళ్ళ పల్లాల్లో చిన్న చిన్న మడుగులు.

"మా అమ్మమ్మ చెప్పేది" అంది మార్త్, "తోటలో మెల్లగా నడవమని. కింద మనవాళ్ళు ఉన్నారని."

నాకు బైబిల్లోని ద్రాక్షతోట గుర్తొచ్చింది. ప్రవక్త పాడిన ఆ పాఠం సండేస్కూల్లో నేను ఎన్నిసార్లు చెప్పానో. యజమాని నేల తవ్వుతాడు, రాళ్ళు ఏరేస్తాడు, మంచి తీగలు నాటుతాడు, బురుజు కడతాడు. ఆ రాళ్ళు ఏరడం అన్న ముక్క నేను ఎప్పుడూ గబగబా చదివేసేదాన్ని. మాది నల్లరేగడి. ఎంత తవ్వినా గులకరాయి తగలదు. ద్రాక్షతోట అంటే నీడగా, తియ్యగా, పాలూ తేనే పారే చోటులా ఉంటుందని నా ఊహ.

"రాళ్ళు ఏరడం ఎప్పటికి అయిపోతుందండీ?" అని అడిగాను.

ఆవిడకు నవ్వొచ్చింది. "అవ్వదు. చలికాలం గడిస్తే నేల మళ్ళీ కొత్తవి పైకి తోస్తుంది. మా నాన్న ఏరాడు, నేను ఏరుతున్నాను. ఏరినవాటితో గోడ కడతాం. గోడ కూలితే మళ్ళీ కడతాం."

ఇంకా చాలా చెప్పింది. ఆ సీమలో తెల్ల వైన్‌ను దేనితో తింటారని నేను అడిగితే వేళ్ళతో గాలిలో ఒక కొండ గీసింది. పైన పచ్చిక మైదానాలు, అక్కడ ఆవులు, వాటి పాలతో చీజ్. కింద మంచులా చల్లటి సరస్సు, దాంట్లో చేప. నడుమ ద్రాక్ష. చీజ్ కరిగించి రొట్టె ముంచుకుని తింటారు, లేదా ఉడికిన బంగాళాదుంప మీద పోసుకుంటారు. చేపను వెన్నలో వేయిస్తారు. ఆ బరువైన వెన్నను నోట్లోంచి కడిగేసేది ఈ పుల్లటి తేలికపాటి వైన్. "పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి, నడుమ నుంచి ఒకటి. ఒక్క కొండే పళ్ళెంలోకి వస్తుంది" అంది. భోజనం గురించి ఎవరైనా అలా మాట్లాడటం నేను ఆ ముందు వినలేదు. ఏ ఎత్తులో ఏది బతకాలో చూసి పెట్టిన చెయ్యి ఒకటి ఉందని నాకు ఆ క్షణాన కళ్ళకు కట్టింది.

పదకొండింటికి పరీక్ష మొదలైంది. కోడ్లు వేసింది ప్రసాదరావుగారు. నాలుగు నమూనాలు, నాలుగూ ఎండు మిరప తునకలే, కరిగించిన చీజ్‌లో కలిపినవి. పక్కన వైన్ గ్లాసు, ఉమ్మడానికి ఒక కప్పు. నా వంతుకు చీజ్ నోట్లోకి, వైన్ ముక్కుకు మాత్రమే.

మొదటిది తినగానే అది బాగా మంటెత్తించే తేజ రకమని ఐదుగురికీ అర్థమైంది. మార్త్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. రెండోదీ అంతే. మూడోదాని కోడ్ నాలుగు వందల పదిహేడు. గిన్నెలో రంగు చూడగానే గుర్తుపట్టాను. ముదురు కుంకుమ రంగు. అది రత్నమ్మక్క కాయ.

మంచి సరుకు అది. కారం నాలుక మీద వెచ్చగా నిలిచి, నెమ్మదిగా దిగింది. వెనకాల సన్నటి తీపి. చీజ్‌తో చక్కగా కలిసింది. ప్రభువుకు స్తోత్రం చెప్పుకుని గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నిమ్మ ఉంది. రాయి లేదు.

బ్రెడ్డు నమిలాను. పది నిమిషాలు ఆగాను. మళ్ళీ తిన్నాను, మళ్ళీ చూశాను. రాయి లేదు. ఎండిన మిరపలో ఉండే ఆ కాస్త పొగచూరిన వాసనే దాన్ని కప్పేస్తోందని అర్థమైంది. కొండ మొత్తం ఆ కుంకుమ రంగు కింద కనపడకుండా పోయింది.

నాలుగోది కూడా చీజ్‌ను మించిన కారమే. మిగిలిన నలుగురూ షీట్లు నింపేశారు. నేను ఎవరి షీటూ చూడకూడదు. కాని శ్రీనివాస్ మొహం చూస్తే తెలుస్తోంది, వాడికి నాలుగు వందల పదిహేడు ఎవరిదో తెలుసు. వాడి మేనత్త ఆ పద్నాలుగు మందిలో ఒకావిడ.

ప్రసాదరావుగారు నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి అన్నారు. "మిగతా నాలుగు షీట్లలోనూ మూడోదానికే మంచి మార్కులండి. మీరు ముక్కుతో చూశారుగా, అదే చాలు. ఆ గళ్ళు నింపేసి ఒక సంతకం పెట్టేయండి."

పెన్ను చేతిలో ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. ఆ గళ్ళలో 'వైన్ రుచి' అని ఒకటి ఉంది. దానికి ఎదురుగా రాశాను: "వైన్ నేను నోట్లో పెట్టుకోలేదు. రుచి గురించి నాకు తెలియదు. మూడో నమూనా తిన్నాక, వైన్‌లో ముందు ఉన్న రాతి వాసన నాకు అందలేదు. రెండుసార్లు చూశాను." దాని కింద సంతకం పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. తర్వాత మెల్లగా అన్నారు. "వెయ్యమన్నదీ మీరే. పడగొట్టిందీ మీరే."

పెన్ను బల్ల మీద పెట్టి లేచాను.

ఐదు షీట్లూ మార్త్ ముందు పెట్టారు. నాలుగింటిని తిప్పేసింది. ఐదోదాన్ని ప్రసాదరావుగారు ఇంగ్లీషులో చదివి వినిపించారు, ఒక్క ముక్క మార్చకుండా. ఆయన నిజాయితీకి ఈ రోజుకీ దండం పెడతాను. ఆవిడ విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నాక్కూడా అందలేదు" అంది. "ప్రయాణం వల్ల నా ముక్కు మొద్దుబారిందేమో అనుకున్నాను. ఇన్ని మంచి మార్కులు చూసి, ఇంక నాకు వయసు మీద పడిందేమో అనుకున్నాను."

ఆ విధంగా రత్నమ్మక్క ఎండు కాయ ఆ సంఘానికి పోలేదు. నా చేతులారా.

మధ్యాహ్నం క్యారేజీ విప్పాను. పెరుగన్నం, నాలుగు వేయించిన చల్ల మిరపకాయలు. మార్త్ ఒక్కతే ల్యాబు బయట బల్ల దగ్గర, తన చీజ్ ముక్క ఒకటి, గ్లాసు ఒకటి పెట్టుకుని కూర్చుని ఉంది. ఎదురుగా మనిషి ఉండగా ఒక్కదాన్నే తినడం మన దగ్గర లేదు. వెళ్ళి క్యారేజీ మూతలో కాస్త పెట్టి ముందుకు జరిపాను. మిరపకాయ చూపించి, "జాగ్రత్త" అన్నాను.

పొద్దుటి అనుభవం ఉంది కాబట్టి ఆవిడ కొస మాత్రమే కొరికింది. కరకరమని విరిగింది. ఆగింది. ఇంకో ముక్క కొరికింది. తర్వాత చీజ్ ముక్క తీసి దానితో కలిపి నమిలింది. చెయ్యి దానంతటదే గ్లాసు వైపు వెళ్ళింది. ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని కూర్చుండిపోయింది. ఎంతసేపటికీ తెరవకపోతే నాకు కంగారు పుట్టింది.

"నీళ్ళు తేనా అండీ?"

తల అడ్డంగా ఊపి గ్లాసు నా వైపు తోసింది. "చూడండి" అంది.

నేను కూడా ఒక మిరపకాయ పూర్తిగా తిని, పెరుగన్నం ఒక ముద్ద మింగి, వాసన చూశాను. రాయి ఉంది. పొద్దున ఉన్నదానికన్నా దగ్గరగా ఉంది. వానకు తడిసిన బండ ఎదురుగా నిలబడినట్టు.

నా కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఎందుకొచ్చాయో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను. ఎవరో కొండ విరిగిపడ్డ చోట తీగ నాటారు. ఇక్కడెవరో ఎండాకాలంలో మజ్జిగ వృథా కాకూడదని దాంట్లో మిరపకాయ వేశారు. ఈ ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఒకరి కోసం ఒకరు చేసినట్టు ఉన్నాయి రెండూ. పుల్లటి పాలు ఆ కొండ మీదా ఉన్నాయి, ఈ నల్లరేగడి మీదా ఉన్నాయి. వాటిని ముందుగా ఎరిగినవాడు ఒకడే.

"ఇది పొద్దున పరీక్షలో ఎందుకు లేదు?" అని మార్త్ అడిగింది.

సిగ్గుతో చచ్చిపోయాను. మా నమూనాల గదిలో ముప్ఫైకి పైగా మిరప రకాలున్నాయి. అన్నీ ఎర్రవి, అన్నీ ఎండువి, కారానికీ రంగుకీ నంబర్లు పడ్డవి. మేం ఇంట్లో తినేది ఒక్కటీ లేదు. గుంటూరు మిరప అంటే ఎర్రగా, ఎండుగా ఉండాలని, దాన్నే బయటివాళ్ళకు చూపించాలని మా అందరి బుర్రల్లో పాతుకుపోయింది. చల్ల మిరపకాయ సరుకని మాకెవరికీ తోచలేదు. అది అన్నంలోకి నంజుకునేది, అంతే.

మర్నాడు పొద్దున్నే కారులో రత్నమ్మక్క ఊరికి వెళ్ళాం. చివరి కోత రోజులు. చెట్టుకు మిగిలిన పచ్చికాయ ఎర్రబడేదాకా ఉంచితే గిట్టదని ఇళ్ళకు తెచ్చుకుంటారు. అక్క డాబా మీద పట్టా పరిచి, గాటు పెట్టిన కాయలు మజ్జిగలోంచి తీసి ఆరబోస్తోంది.

"ఏమ్మోయ్ సువార్తా, ఈ పెద్దావిడెవరే? ఎండకి కందిపోతంది. ఆ గొడుగు పట్టండి ఎవరన్నా."

"అక్కా, ముందు నీకొక మాట చెప్పాలి." మార్త్ ఎవరో, ఆవిడ రాళ్ళు ఏరే తోట సంగతేమిటో రెండు ముక్కల్లో చెప్పి, అసలు సంగతి నిలబడే చెప్పాను. మన ఎండు కాయ పరీక్షలో పోయిందని, దానికి కారణం నా షీటులో నేను రాసిన మాటేనని.

అక్క చేతిలో కాయలు అలాగే ఉన్నాయి. "మా కాయ బాగాలేదా?"

"బాగుంది. ఆవిడ వైన్‌కి నప్పలేదు."

"మరి బాగుందని రాసుంటే పోయేదిగా."

"నిజం కాదక్కా."

అక్క నా మొహం చూసి, కాయలు ఒక్కొక్కటీ పట్టా మీద పెట్టడం మళ్ళీ మొదలెట్టింది. నాలుగైదు పెట్టాక అంది. "రాసుంటే ఏమయ్యేదో నాకు తెలుసులే. ఈవిడ అన్ని సముద్రాలు దాటించి తీసుకుపోద్ది. అక్కడోళ్ళు తిని మొహం చిట్లిస్తారు. ఇక వచ్చే ఏడు మన ఊరి పేరెత్తితే తలుపేస్తారు. కడుపు మండుతందే నాకు. మండట్లేదని అనను. కాని నిన్ను తిట్టడానికి మాట దొరకట్లేదు."

మార్త్‌కు ఇదంతా భాష తెలియకుండానే అర్థమైంది. మోకాళ్ళ మీద కూర్చుని పట్టా మీది కాయ ఒకటి తీసి వాసన చూసింది. ఎలా చేస్తారని అడిగింది. అక్క చేతులతో చూపించింది. పులిసిన మజ్జిగలో ఉప్పూ వామూ వేసి, గాటు పెట్టిన కాయ మూడు రోజులు ఊరబెట్టాలి. తర్వాత పగలంతా ఎండ, సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలోకి. మజ్జిగంతా కాయే తాగేసేదాకా. గలగలమని మోగితే అయినట్టు.

"ప్రతి రోజూ తీసి, మళ్ళీ వేసి, మళ్ళీ తీసి?" అంది మార్త్. "విసుగు రాదా?"

నేను తెలుగులో చెప్తే అక్క నవ్వింది. "ఆవిడ రాళ్ళేరుద్దని చెప్పావుగా. ఆవిడకి విసుగు రాదేం?"

నేను ఆ మాట ఇంగ్లీషులోకి తిప్పేసరికి మార్త్ అక్క రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. ఇద్దరూ ఒకరి గోళ్ళు ఒకరు చూసుకున్నారు.

తర్వాత జరిగినదంతా మామూలు పని. తేమ ఎంత ఉంది, ఉప్పు ఎంత ఉంది, బూజు పట్టే ప్రమాదం ఉందా అని ల్యాబులో అన్ని పరీక్షలూ చేశాం. వైన్ పరీక్షకు ప్యానెల్ మళ్ళీ కూర్చుంది. ఈసారి ప్రసాదరావుగారే నా ముందు నీళ్ళ గ్లాసు పెట్టి, "మీరు ముక్కుతోనే చూడండి, చూసింది చూసినట్టు రాయండి" అన్నారు. ఆ వేసవిలోనే పద్నాలుగు డాబాల మీద తయారైన చల్ల మిరపకాయలు సవోయ్ వెళ్ళాయి. ఎండు కాయ మాత్రం యార్డులో మామూలు ధరకే పోయింది. దాని నష్టం వాళ్ళు మోశారు. కౌలు నిలిచింది, కాని ఆ ఏడు అక్క ఇంట్లో సులువుగా గడవలేదు. అది నేను మరిచిపోను.

దేవుడు నన్ను ఆ రోజు ఎలా గట్టెక్కించాడో సాక్ష్యం చెప్పమని సంఘంలో అడిగారు. నేను నిలబడి ఒక్కటే చెప్పాను. నిజం రాస్తే మేలు జరుగుతుందని తెలిసి నేను రాయలేదు. రాసినప్పుడు నాకు కనిపించింది రత్నమ్మక్క ఇల్లు మునగడమే. క్యారేజీలో ఏముందో నాకే గుర్తులేదు.

ఆ పరీక్ష నాకు నేర్పింది చిన్న సంగతే. అంతవరకు నేను తెలిసినదాన్ని చెప్పడమే నా వృత్తి అనుకునేదాన్ని. ఇప్పుడు మా షీటులో ఒక గడి అదనంగా ఉంది, 'నాకు తెలియనిది' అని. ప్రసాదరావుగారిని అడిగి నేనే పెట్టించాను. కొత్తగా చేరే పిల్లలు దాన్ని ఖాళీగా వదిలేస్తే మంచి పేరు వస్తుందనుకుంటారు. శ్రీనివాస్ కూడా చాలా రోజులు అలాగే వదిలేశాడు. మొన్నొకరోజు వాడు దాంట్లో, "జలుబు చేసింది, వాసన పట్టలేకపోయాను" అని రాసి, తిడతానేమోనని నా వైపు చూశాడు.

షీట్లు నా బల్ల మీదికి వచ్చినప్పుడు నేను ముందు చదివేది ఆ గడే. అది నిజంగా నింపిన షీటైతే మిగతా గళ్ళు నమ్ముతాను.